సినిమా ప్రశ్నలు: కుందేలు కంటే ముందే మొదలైన భయం

ప్ర: పెళ్లైన మగాడు, అతన్ని వదలని అమ్మాయి. ఈ కథతో 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. అయిదో నిమిషంలోనే ఆమె కత్తి పట్టుకుని అతని ఇంటికొస్తుంది. అయినా చూసినవాళ్లు ‘సీరియల్‌లా ఉంది’ అంటున్నారు. ఎందుకని?
– ఒక పాఠకుడు, విజయవాడ

జ: అయిదో నిమిషంలోనే కత్తితో ఇంటికొచ్చేస్తే మిగతా పదిహేను నిమిషాలూ ఆమె ఏం చేయాలి? ‘ఫేటల్ అట్రాక్షన్’ (1987) మళ్లీ చూడండి, ఈసారి పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని. అందులో పెళ్లైన డాన్‌ను వదలని అమ్మాయి అలెక్స్. ఆమె మొదట కోసుకునేది తన మణికట్లనే. తర్వాత క్షమాపణ చెబుతూ ఆపెరా టికెట్లతో డాన్ ఆఫీసుకు వస్తుంది. ఆ పైన ఫోన్లు, ముందు ఆఫీసుకు, తర్వాత ఇంటికి. కారు మీద యాసిడ్, స్టవ్ మీద ఉడుకుతున్న పాప పెంపుడు కుందేలు, బడి నుంచి పాప మాయం, ఇవన్నీ ఆ తర్వాతే. ప్రతిసారీ ఒక్కో గడప దాటుతుందంతే.

అందరూ కుందేలునే గుర్తుపెట్టుకున్నారు గానీ, నా లెక్కలో అసలు భయం ఫ్లాట్ సీన్‌లో ఉంది. అమ్మకానికి పెట్టిన ఇల్లు చూసే నెపంతో వచ్చిన అలెక్స్, డాన్ ఇంటికొచ్చేసరికి అతని భార్యతో కబుర్లు చెబుతూ ఉంటుంది. పరిచయం చేసేది భార్యే. అతను కొత్త మనిషిని చూసినట్టు నటించాలి. కత్తి లేదు, అరుపు లేదు.

మీ స్క్రిప్టు పక్కన మూడు గళ్లు గీయండి: అతను, భార్య, ఆమె. ఒక్కో సీను ముగిసేసరికి ఎవరికి ఏం తెలిసిందో రాయండి. వరసగా రెండు సీన్లలో గళ్లు మారకపోతే రెంటినీ ఒకటి చేయండి. ఇంకో మాట, ఆమెకు ఒక్కటైనా న్యాయమైన కోరిక ఉండాలి. అలెక్స్ తను గర్భవతినంటుంది, అతన్ని బాధ్యత తీసుకోమంటుంది. అది కూడా లేకపోతే ఆమె ఉత్త దెయ్యమే.

ప్ర: ఆ సినిమా క్లైమాక్స్ మార్చారంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జ: నిజమే. మొదట తీసిన ముగింపులో అలెక్స్ తన గొంతు తనే కోసుకుంటుంది. కత్తి మీద డాన్ వేలిముద్రలుంటాయి కాబట్టి పోలీసులు అతన్ని పట్టుకుపోతారు. ముందస్తు ప్రదర్శనల్లో జనానికి అది రుచించలేదు. అలెక్స్‌గా నటించిన గ్లెన్ క్లోజ్ వద్దని గట్టిగా పట్టుబట్టినా, చివరికి అలెక్స్ కత్తితో దాడి చేస్తే డాన్ భార్య ఆమెను కాల్చి చంపే బాత్రూమ్ ముగింపు తీశారు. కలెక్షన్లకు అది మంచిదే, పాత్రకు మాత్రం అన్యాయం. అంతవరకూ తనను తాను గాయపరచుకుంటూ వచ్చిన మనిషి చివర్లో రాక్షసి అయిపోయింది.

ప్ర: ‘అన్‌ఫెయిత్‌ఫుల్’ (2002)లో రైలు సీను గురించి అంత చెప్పుకుంటారెందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: దర్శకుడు ఇక్కడా ‘ఫేటల్ అట్రాక్షన్’ తీసిన ఏడ్రియన్ లైనే. పెళ్లైన కథానాయిక (డయాన్ లేన్) ప్రియుడి దగ్గర్నుంచి ఇంటికి వస్తుంటుంది. రైల్లో ఆమె ముఖం, మధ్యమధ్య ఆ గది. నవ్వు, సిగ్గు, ఏడుపు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. డైలాగు అక్కర్లేదు. మీరు ఇలాంటిది తీయాలంటే ముఖాన్ని మూడు నాలుగు నిమిషాలు ఆపకుండా తీసి, కోత ఎడిటింగ్‌లో పెట్టుకోండి. ‘ఇప్పుడు నవ్వు, ఇప్పుడు ఏడువు’ అని ముక్కలుగా తీస్తే ముక్కల్లాగే కనిపిస్తాయి.

ఆ సినిమాలో హత్యాయుధం కూడా గమనించండి: మంచు రాలే గాజు బుడ్డి. భర్త ముచ్చటపడి భార్యకిచ్చిన కానుక అది. ఆమె ప్రియుడికిచ్చేసిన అదే బుడ్డి అతని ఇంట్లో కనిపిస్తే, భర్త దాంతోనే ప్రియుడి తల పగలగొడతాడు.