దెయ్యాల బంగళాకి అమ్మమ్మ వెళ్లొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి. మాది తెనాలి, ప్రస్తుతం కాలిఫోర్నియా ఇర్వైన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నా. అక్టోబర్లో డిస్నీలాండ్ తీసుకెళ్తామంటున్నారు, హాలోవీన్ అనే ఇక్కడి దెయ్యాల వేషాల పండగ డెకరేషన్ బాగుంటుందట. ఫోన్లో ఫొటోలు చూపించారు, ఎక్కడ చూసినా పుర్రెలూ అస్థిపంజరాలే. నవరాత్రుల రోజుల్లో వాటి మధ్య తిరగడమేంటని మనసొప్పట్లేదు, పైగా నాకు బీపీ, మోకాళ్ల నొప్పులు. రానంటే ఐదేళ్ల మనవరాలు చిన్నబుచ్చుకుంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: వెళ్లండమ్మా, హాయిగా వెళ్లండి. నేనూ మొదటిసారి మీలాగే మొహం ముడుచుకుని వెళ్లినదాన్నే.

లోపలికెళ్లగానే మెయిన్ స్ట్రీట్‌లో 16 అడుగుల మిక్కీ తలకాయ గుమ్మడికాయ రూపంలో ఎదురవుతుంది, పైన షాపుల కిటికీల్లో కూడా గుమ్మడికాయలే, ఒక్కోదానికి ఒక్కో మొహం. మన ఊళ్లో ఇల్లు కడుతుంటే బూడిద గుమ్మడికాయకి కోరమీసాలూ ఉరిమి చూసే కళ్లూ గీసి దిష్టికి వేలాడదీస్తాం కదా, అదే వరస అనుకోండి. ఐర్లండ్ వాళ్లు టర్నిప్ దుంప తొలిచి మొహం చెక్కి లోపల దీపం పెట్టేవాళ్లట, చెడ్డవేవీ గుమ్మం దాకా రాకుండా. అమెరికా వలసొచ్చాక ఇక్కడ గుమ్మడికాయలు బోలెడు, దుంపకంటే పెద్దవి, తొలవడమూ సులువు, దాంతో దుంప పోయి కాయ వచ్చింది.

ఇక మీరు ఫొటోల్లో చూసిన అస్థిపంజరం బహుశా జాక్ స్కెల్లింగ్టన్ అయ్యుంటాడు, ఒక డిస్నీ బొమ్మల సినిమాలో హీరో. 1969లో మొదలైన హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల బంగళాని 2001 నుంచి దాదాపు ఏటా ఇతని పేరున ముస్తాబు చేస్తున్నారు. సినిమా కథ ఏంటంటే హాలోవీన్ ఊరివాడైన జాక్‌కి క్రిస్మస్ పండగ చెయ్యాలనిపిస్తుంది, చేస్తే అంతా తలకిందులవుతుంది, భయం కన్నా నవ్వే ఎక్కువ. ఆగస్టులో కొన్నాళ్లు బంగళా మూసేసి మరీ ఈ అలంకరణ చేస్తారు, అది జనవరి దాకా ఉంటుంది. మధ్యలో డాన్సు హాలు వస్తుంది, అక్కడ ఏటా కొత్త డిజైన్‌లో జింజర్‌బ్రెడ్ (అల్లం కేకు) ఇల్లు పెడతారు, మనమెక్కిన బండి అటు తిరిగేసరికి అల్లమూ దాల్చినచెక్కా కలిసిన వాసన గుప్పుమంటుంది, మా చిన్నది దెయ్యాల్ని మర్చిపోయి ఆకలేస్తోందంది.

మీ సంగతి కొస్తే, ఆ బంగళాలో మొదట నిలబెట్టే గదిలో దీపాలు ఆరిపోతాయి, ఉరుము ఉరుముతుంది, గోడలు సాగుతున్నట్టుంటాయి. అది నిజానికి లిఫ్టు, రైడ్ భవనం రైలు పట్టాల అవతల ఉంది కాబట్టి జనాన్ని కిందికి దింపి సొరంగంలోంచి పంపాలి, ఆ దింపడాన్నే తమాషా చేశారు. ఈ మాట ముందే తెలిస్తే మీ బీపీ పెరగదు, మనవరాలికీ చెవిలో చెప్పండి. బండి ఎక్కే చోట నేల కదులుతూ ఉంటుంది, మోకాళ్ల నొప్పని అక్కడున్నవాళ్లతో చెబితే స్లో చేస్తారు, మొహమాటపడొద్దు. పక్క పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో గార్డియన్స్ రైడ్ ఉంది, చీకటి పడ్డాక దాన్ని రాక్షసుల రైడ్‌గా మారుస్తారు, పైకి లేపి కిందికి వదిలేస్తూ ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్లకండి. మధ్యాహ్నం అక్టోబర్లో కూడా ఎండ మాడ్చేస్తుంది. పులిహోర డబ్బా పట్టుకెళ్లొచ్చు, గాజుది కాకపోతే చాలు.

డెకరేషన్ చూడ్డానికి మామూలు టికెట్ సరిపోతుంది. ఊగీ బూగీ బాష్ అని కొన్ని రాత్రులు జరిగే పార్టీకి వేరే టికెట్ కొనాలి, అది ముందే అయిపోతుంది. పిల్లలకి చాక్లెట్లు పంచుతారు, తల లేని రౌతు ఒకడు నిజం గుర్రం మీద వస్తాడు. 14 ఏళ్లు నిండినవాళ్లు వేషాలు వేసుకోడానికి ఆ పార్టీ రాత్రులే దిక్కు, అప్పుడూ మాస్కులు కుదరవు. మీ చీర వేషం కిందికి రాదులెండి, ధైర్యంగా కట్టుకెళ్లండి.

అన్నిటికన్నా మీకు నచ్చేది ఒకటుంది. అడ్వెంచర్ పార్కులోనే మెక్సికో వాళ్ల చనిపోయినవాళ్ల పండగ కోసం ఒక మూల అలంకరిస్తారు. మెట్లు మెట్లుగా పీఠం, దాని మీద బంతిపూలు, కొవ్వొత్తులు, పెద్దల ఫొటోలు, వాళ్లకిష్టమైన తిండి. అక్కడి పుర్రెలు రంగురంగుల పువ్వులతో నవ్వుతూ ఉంటాయి, పోయినవాళ్లు ఆ రోజు ఇంటికొస్తారని వాళ్ల నమ్మకం. మనం మహాలయ పక్షంలో పెద్దల్ని తల్చుకోమూ? అసలు ఆ బంతిపువ్వు మన దగ్గరికి వచ్చిందే మెక్సికో వైపు నుంచి. పోయినవాళ్లకి ఒక మాట రాసి పెట్టే గోడ కూడా ఉంది, నేను మా నాన్న పేరు తెలుగులో రాసి తగిలించా, వెనక నిలబడ్డ మెక్సికో ఆవిడ ఏం అక్షరాలివి అని అడిగి, చెప్పాక నా భుజం తట్టింది.

ప్రశ్న: మా ఆడపడుచు వాళ్లు డిస్నీ ఏముంది, నాట్స్‌కి వెళ్దాం, అసలైన భయం అక్కడే అంటున్నారు. మా బాబుకి తొమ్మిదేళ్లు. తీసుకెళ్లొచ్చా?

జవాబు: పగలైతే సరే, రాత్రి వద్దు. బ్యునా పార్క్‌లోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో 1973 నుంచి రాత్రిపూట నడుస్తున్న స్కేరీ ఫామ్ అనే భయపెట్టే హాలోవీన్ ప్రోగ్రాం అది, 13 లోపు పిల్లలకి తగదని వాళ్లే చెప్తారు. పొగమంచులోంచి వేషగాళ్లు మోకాళ్లకి ఇనప పలకలు కట్టుకుని నిప్పురవ్వలు లేచేలా జారుకుంటూ మీ కాళ్ల దగ్గరికి వచ్చేస్తారు, నేనే మావారి జేబు చింపేశా. పగటిపూట అదే పార్కులో పిల్లలకి వేరే సరదా ప్రోగ్రాం ఉంటుంది, దానికి వెళ్లండి, రాత్రికి ఆడపడుచు గారిని పంపండి.

ప్రశ్న: అక్కా, నేను ఇక్కడ ఎంఎస్ చేస్తున్నా, ఎఫ్1 వీసా. హాలోవీన్ సీజన్లో పార్కుల్లో దెయ్యం వేషానికి మనుషుల్ని తీసుకుంటున్నారు. పొడుగ్గా సన్నగా ఉంటా, మేకప్ కూడా అక్కర్లేదంటున్నారు ఫ్రెండ్స్. చేరిపోనా?

జవాబు: చేరకు తమ్ముడూ. పర్మిషన్ లేకుండా క్యాంపస్ బయట జీతానికి పనిచేస్తే నీ వీసా స్టేటస్ పోతుంది, నాలుగు వీకెండ్ల డబ్బుకి రెండేళ్ల చదువు పణంగా పెట్టినట్టు. ముందు మీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. అంత ముచ్చటగా ఉంటే అపార్ట్‌మెంట్ పిల్లలు చాక్లెట్లకి తలుపు కొట్టినప్పుడు తెల్ల దుప్పటి కప్పుకుని తియ్యి.