పనిలో పడితే దేవుడు గుర్తుకు రావట్లేదు అన్న బ్రదర్‌కి

వందనాలు బ్రదర్. రోజూ కృతజ్ఞత చెప్దామని మొదలుపెడితే వారం తిరక్కుండానే అవే మాటలు తిప్పి తిప్పి చెప్తున్నట్టు అయిపోతోంది అని, పనిలోకి దిగాక సాయంత్రం దాకా దేవుడు గుర్తుకే రావట్లేదు అని రాశారు. నాకైతే ఈ రెండూ ఒకటే సమస్య అనిపిస్తుంది. పగలంతా దేన్నీ చూడకుండా గడిపేసి రాత్రి కూర్చుని ఆరోగ్యం ఇచ్చావు ఆహారం ఇచ్చావు కుటుంబాన్ని ఇచ్చావు స్తోత్రం అని టోకున చెప్పేస్తాం, ఇంక అవే మాటలు కాక ఏం వస్తాయి? చిల్లరగా చెప్పాలండి, దొరికింది దొరికిన చోటే.

మాది ఒడిశాలో రాయగడ, టిఫిన్ షాపు. ఇడ్లీ, పూరీ, బరా అంటే మన గారెలు, ఘుగుని అంటే బఠాణీల కూర. తెల్లారి నాలుగింటికి లేస్తాం, ఆ టైములో అరగంట మోకాళ్ళ మీద ఉండటం మా ఇంట్లో కుదిరే పని కాదు, అందుకని చేతిలో ఉన్న పనికే ప్రార్థన ముడేసుకున్నాను. లేవగానే పిండి గిన్నె మూత తీస్తాను. రాత్రి సగానికి ఉన్న పిండి అంచు దాకా పొంగి ఉంటుంది, పైనంతా సన్న బుడగలు, ఆ పులిసిన వాసన. అందులో నేను చేసింది ఏముంది, రుబ్బి ఉప్పేసి పడుకున్నాను అంతే. మార్కు సువార్త 4వ అధ్యాయంలో యేసయ్య చెప్పిన ఉపమానం ఉంది కదా, మనిషి విత్తనం చల్లి రాత్రి పడుకుంటాడు పగలు లేస్తాడు, అది ఎలా మొలిచిందో అతనికే తెలీదు, ఆ మూత తీసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. తండ్రీ నేను పడుకున్నాక కూడా నువ్వు పని చేస్తూనే ఉన్నావు స్తోత్రం అనేసి స్టవ్ వెలిగిస్తాను. చలికాలం ఈ కొండల చలికి ఒక్కోరోజు పిండి పొంగదు, ఆరోజు ప్రభువా ఈ పూట నువ్వే గట్టెక్కించు అంటాను, అదీ ఆయనతో మాట్లాడటమే కదా.

మేం లూథరన్లం, అంటే మార్టిన్ లూథరు గారి బోధని అనుసరించే ప్రొటెస్టెంట్ క్రైస్తవులం. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ అనే ఊరి మిషనరీలు మా ఒడిశాలోని ఈ కొరాపుట్, జైపూర్ వైపు వచ్చారు, ఇక్కడి మా సంఘాలకి మొదలు అదే. సంఘంలో పూర్తి సభ్యులయ్యే ముందు పిల్లలకి పెట్టే కన్ఫర్మేషన్ క్లాసులో లూథరు గారి చిన్న కేటకిజం, అంటే ప్రశ్న జవాబుల్లో ఉండే విశ్వాస పాఠాల పుస్తకం, బట్టీ పట్టించేవారు, ఆయన 1529లో రాసింది. పరలోక ప్రార్థనలో అనుదినాహారం అడుగుతాం కదా, అక్కడ ఆయన పెద్ద లిస్టే ఇస్తారు, తిండి, బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి జీవిత భాగస్వామి, పిల్లలు, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, మంచి స్నేహితులు, నమ్మకమైన ఇరుగుపొరుగు ఇలా. చెప్పులు కూడా ఉన్నాయి చూడండి! దాంతోపాటే, మనం అడక్కపోయినా దేవుడు చెడ్డవాళ్ళకి సైతం ఆహారం ఇస్తూనే ఉంటాడు, అది ఆయనే ఇస్తున్నాడని మనం గుర్తించి కృతజ్ఞతతో తీసుకోవాలనే ఈ ప్రార్థన అంటారు. చిన్నప్పుడు అప్పజెప్పి వదిలేసిన ఈ మాట షాపు పెట్టాకే నాకు ఎక్కింది.

మీరు ఆ లిస్టులోంచి రోజుకి ఒక్కటి పట్టుకుని చూడండి, పొద్దున్న తీసుకున్నది సాయంత్రం దాకా ఎక్కడ కనబడితే అక్కడ ఒక మాట అనుకోండి. నేను ఇరుగుపొరుగు తీసుకున్న రోజు అడ్డాకు విస్తర్లు తెచ్చే ఆవిడ గుర్తొచ్చింది. కొండ మీద ఊరి నుంచి నెత్తిన కట్ట పెట్టుకుని వస్తుంది, కుయి అనే కొండ భాష మాట్లాడుతుంది, నాకొచ్చిన ఒడియాతో ఆవిడకొచ్చిన తెలుగుతో ఎలాగో నడుస్తుంది. పుల్లలతో ఎంత శుభ్రంగా కుడుతుందంటే ఘుగుని పోసినా చుక్క కారదు. ఆవిడ కోసం దేవుడికి థాంక్స్ చెప్పాక ఇంక కట్ట మీద ఐదు రూపాయలు తగ్గించమని అడగడానికి నోరు ఎలా వస్తుంది చెప్పండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కృతజ్ఞత పేరుతో బాధని నొక్కేయకండి. మా నాన్నగారు పోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఏడవకమ్మా స్తోత్రం చెప్పు అనేవారు, మంచి మనసుతోనే అన్నారు, కానీ అది అప్పుడు అనాల్సిన మాట కాదు. ఆ రోజుల్లో నేను 13వ కీర్తనే చదువుకున్నాను. ఆరే వచనాలు, ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతావు దేవా అని దావీదు నిలదీసి అడుగుతాడు, చివరికి వచ్చేసరికి నాకు మేలు చేశావు అని పాడతాడు. నేను చాలా రోజులు మొదటి రెండు వచనాల దగ్గరే ఉండిపోయాను, దేవుడు కోప్పడలేదు. పౌలు ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమన్నాడు నిజమే, కానీ ఏడుపు ఆపేసి చెల్లించమనలేదు కదా.

డైరీ రాయాలా అని కూడా అడిగారు, రాయగలిగితే రాయండి, తప్పనిసరి ఏం కాదు. లూథరు గారు కూడా రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే సంతోషంగా నిద్రపో అనే రాశారు. ఇంతకీ మీరేం పని చేస్తారో రాయలేదు, డ్యూటీయా, వ్యాపారమా, పొలమా? చెప్తే ఆ పనిలో ఎక్కడ ఒక నిమిషం ఆగొచ్చో కలిసి చూద్దాం.