ముందు లైసెన్సు సంగతి అడుగు, తర్వాత ఫీజు కట్టు

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల న్యూజెర్సీ వచ్చి ఏడాది కావస్తోంది. హెచ్-4 (హెచ్-1బి వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉన్నాను, ఇంట్లో చాలా ఒంటరిగా అనిపిస్తోంది. ఇండియాలో ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసి హైస్కూల్లో పాఠాలు చెప్పాను. ఇక్కడి బడుల్లో ఇంగ్లీషు రాని పిల్లలకు నేర్పే టీచర్లు దొరకడం లేదంటున్నారు. టీసోల్‌లో (ఇతర భాషల వాళ్ళకు ఇంగ్లీషు నేర్పడం గురించిన చదువు) మాస్టర్స్ చేద్దామనుకుంటున్నాను. ఏ కాలేజీ మంచిది?

జవాబు: ఏ కాలేజీ అన్నది తర్వాత తేల్చుకోవచ్చమ్మా. ఆ చదువు పూర్తయ్యాక రాష్ట్రం నీకు బడిలో పాఠం చెప్పే లైసెన్సు ఇస్తుందా లేదా, అది ముందు అడగాలి. నేను వచ్చిన కొత్తలో ఈ మాట చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. అందుకు రెండు చదువులకు పెట్టిన డబ్బు పోయింది. ఇవాళ ఇదే రాష్ట్రంలో ఒక పబ్లిక్ స్కూల్లో ఈఎస్ఎల్ టీచర్ని, అంటే ఇంగ్లీషు మాతృభాష కాని పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచర్ని. టెన్యూర్ (ఉద్యోగ భద్రత) కూడా వచ్చింది. కానీ ఆ పోయిన డాలర్లు ఇప్పటికీ నాకు గుర్తే. నీ ఉత్తరంలో కాలేజీ గురించి అడిగావు, ఫీజు గురించి ఒక్క ముక్క లేదు. నాకు భయం వేసింది అక్కడే.

మొదట నేను పడింది ఆన్‌లైన్ సర్టిఫికెట్ దగ్గర. ఇన్ని గంటల కోర్సు, ప్రపంచంలో ఎక్కడైనా ఇంగ్లీషు చెప్పుకోవచ్చు అని ప్రకటన. కట్టాను, చదివాను, సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పట్టుకుని మా ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు వెళితే అక్కడావిడ మర్యాదగానే చెప్పింది, ఇది లైసెన్సు కాదు అని. విదేశాల్లో ప్రైవేటు ఇనిస్టిట్యూట్లలో చెప్పడానికి అలాంటివి పనికొస్తాయేమో గానీ, అమెరికా పబ్లిక్ స్కూల్లో టీచరు ఉద్యోగానికి రాష్ట్రం ఇచ్చే కాగితమే కావాలి.

ఆ తర్వాత ఒక ప్రైవేటు కాలేజీలో ఎం.ఏ. టీసోల్‌లో చేరాను. మాస్టర్స్ కదా, ఇక తిరుగు లేదనుకున్నాను. ఫీజు క్రెడిట్ కార్డు మీద కట్టాను. రెండో సెమిస్టరు సగంలో ఉండగా పక్కన కూర్చునే అమ్మాయి మాటల్లో బయటపడింది, ఆ డిగ్రీ కమ్యూనిటీ కాలేజీలో పెద్దవాళ్ళకు చెప్పడానికి, పరిశోధనకు, విదేశాలకు వెళ్ళేవాళ్ళకు అని. బడి పిల్లలకు చెప్పాలంటే కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా లైసెన్సుకు దారితీసే ప్రోగ్రాం వేరే ఉంటుంది. రెంటికీ పేరు ఒకటే, సిలబస్ కూడా చాలావరకు కలుస్తుంది, చివర వచ్చే కాగితం మాత్రం వేరు. అక్కడ మానేసి ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే, నేను చదివిన క్రెడిట్లలో (ఒక్కో కోర్సుకు లెక్కగట్టే యూనిట్లు) కొన్నే తీసుకున్నారు. మిగతావి మళ్ళీ చదివాను, మళ్ళీ కట్టాను.

కాబట్టి ఏ కాలేజీకి ఫోన్ చేసినా ముందు ఇదే అడుగు. "ఈ ప్రోగ్రాం పూర్తిచేస్తే ఈఎస్ఎల్ లైసెన్సుకు మీరు రాష్ట్రానికి సిఫార్సు చేస్తారా?" జవాబు ఈమెయిల్లో తీసుకో. "చాలామందికి ఉద్యోగాలు వచ్చాయి" లాంటి మాటలు చెబితే ఆ కాలేజీని వదిలెయ్యి.

రెండో ఖర్చు మన మార్కుల లిస్టుల దగ్గర. ఇండియా డిగ్రీని ఇక్కడి డిగ్రీతో పోల్చి చెప్పే సంస్థలున్నాయి, డబ్ల్యూఈఎస్ లాంటివి. మామూలు రిపోర్టు ఒకటి, కోర్సు కోర్సుకూ క్రెడిట్లు లెక్కగట్టే రిపోర్టు ఒకటి. నేను చవకని మామూలుది తీసుకున్నాను. లైసెన్సు ఆఫీసు రెండోది అడిగింది, మళ్ళీ డబ్బు. ఈలోగా సీలువేసిన ట్రాన్‌స్క్రిప్టుల కోసం మా తమ్ముడు యూనివర్సిటీ పరీక్షల విభాగం చుట్టూ తిరిగి అలిసిపోయాడు. నువ్వు కోర్సు కోర్సుకూ లెక్కగట్టేదే తీసుకో. డిగ్రీ, పీజీ, బి.ఎడ్. మూడూ కలిపి పంపు. మన మూడేళ్ళ డిగ్రీ ఒక్కటే పంపితే ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీతో సమానం కాదనే ప్రమాదం ఉంది.

ఇక మూడోది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, స్టూడెంట్ టీచింగ్. చదువు చివర్లో ఒక సెమిస్టరు రోజంతా బడిలో ఉండాలి. చాలాచోట్ల జీతం ఉండదు, పైగా ఆ సెమిస్టరుకు కూడా ఫీజు కట్టాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డేకేరు ఖర్చు అదనం. సరిగ్గా అప్పుడే మావారి ప్రాజెక్టు అయిపోయి ఇల్లు గడవడం కష్టమైంది. ఆ నెలల ఖర్చు ముందే పక్కన పెట్టుకున్నాకే చేరు. ఇండియాలో ఇల్లు తాకట్టుపెట్టి మాత్రం ఈ చదువు చదవకు. టీచరు జీతంతో బతకొచ్చు గానీ, సాఫ్ట్‌వేర్ జీతాల లెక్కన అప్పు తీరదు.

వీసా, వర్క్ పర్మిట్ నియమాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో. క్లుప్తంగా చెబుతాను. హెచ్-4 మీద చదువుకోవచ్చు. మీవారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదమైతే 2015 నుంచి ఉన్న నియమం కింద ఈఏడీకి, అంటే వర్క్ పర్మిట్‌కు, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది లేకుండా చదువు ముగిస్తే డిగ్రీ చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చోవాలి. ఇక్కడ బడి ఉంది కదా, హెచ్-1బి వేస్తుందిలే అనుకోకు. యూనివర్సిటీలకున్న లాటరీ మినహాయింపు పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులకు మామూలుగా ఉండదు. ఇండియా నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఈ చదువుకు వద్దామనుకునేవాళ్ళకూ ఇదే చెబుతాను. ఇది స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) కోర్సు కాదు, ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసుకునే అనుమతి, 12 నెలలే.

టీచ్ గ్రాంట్ అని అమెరికా కేంద్ర ప్రభుత్వం ఏడాదికి 4,000 డాలర్ల దాకా ఇస్తుంది. అది పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు. నీకు ఆ రోజు వచ్చినప్పుడు గుర్తుంచుకో, అది తీసుకుంటే, చదువు ముగిశాక ఎనిమిదేళ్ళలో నాలుగేళ్ళు పేద పిల్లలు ఎక్కువగా చదివే బడిలో పనిచెయ్యాలి. చెయ్యకపోతే మొత్తం అప్పుగా మారుతుంది, అదీ డబ్బు ఇచ్చిన రోజు నుంచి వడ్డీతో.

మరి నీ స్థానంలో నేనైతే ఇప్పుడు ఏం చేస్తాను? ఈఏడీ రాగానే బడిలో పారాప్రొఫెషనల్‌గా చేరతాను, అంటే తరగతిలో టీచరుకు సహాయంగా ఉండే ఉద్యోగం. జీతం తక్కువే. కానీ బడి లోపల ఉంటావు, ప్రిన్సిపాల్ నీ పని చూస్తుంది, కొన్ని డిస్ట్రిక్టులు తమ దగ్గర పనిచేసేవాళ్ళ చదువుకు ఫీజులో కొంత తిరిగి ఇస్తాయి. యజమాని ఇచ్చే అలాంటి సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను కూడా లేదు. పూర్తి మాస్టర్స్ అంటే మామూలుగా 30 నుంచి 36 క్రెడిట్లు. లైసెన్సుకు కావలసినంతే ముందు చదివి, ఉద్యోగంలో చేరి, మిగతాది డిస్ట్రిక్టు డబ్బుతో పూర్తిచెయ్యడం మేలు. జీతాల పట్టికలో మాస్టర్స్‌కు వేరే వరస ఉంటుంది, పూర్తవగానే జీతం పెరుగుతుంది. మన వాళ్ళు దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందే పెద్ద డిగ్రీ, చేతి డబ్బుతో.

చదువు విషయానికొస్తే, ఇండియాలో పాఠాలు చెప్పాను కదా, ఇదెంత అనుకోకు. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. ప్రాక్టికమ్‌లో (చదువులో భాగంగా బడిలో చేసే సాధన) ఒక పిల్లాడు నెలల తరబడి నోరు విప్పలేదు. నేను వాణ్ణి అందరిముందూ నిలబెట్టి వాక్యం చెప్పించబోయాను. వాడు ఏడ్చాడు. మా మెంటర్ టీచరు నన్ను పక్కకు పిలిచి, కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు చాలామంది మొదట మౌనంగా వింటారని, ఆ సమయం వాళ్ళకు ఇవ్వాలని చెప్పింది. భాష ఎలా వస్తుందో పరిశోధించిన స్టీఫెన్ క్రాషెన్ దీని గురించి రాసింది క్లాసులో అప్పటికే చదివాను, పరీక్షలో రాశాను కూడా. పిల్లాడు ఎదురుగా ఉంటే గుర్తు రాలేదు. రెండు భాషల పిల్లల చదువు మీద పరిశోధించిన జిమ్ కమిన్స్ చెప్పింది కూడా ఇక్కడ రోజూ కనిపిస్తుంది. ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీషు ఏడాది రెండేళ్ళలో వచ్చేస్తుంది. సైన్సు పాఠం చదివి రాసే ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. గలగలా మాట్లాడే పిల్లను చూసి ఇక సాయం అక్కర్లేదని మామూలు టీచర్లు అంటుంటే, కాదని లెక్కలు చూపించి నిలబడాల్సింది నువ్వే. అందుకే వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం విడివిడిగా కొలిచే యాక్సెస్ పరీక్ష ఏటా పెడతారు. ఆ ఫలితాలు చదవడం బాగా నేర్చుకో.

ఈ ఉద్యోగాలు బడులు దయతలచి ఇచ్చేవి కావు. 1974లో లావ్ వర్సెస్ నికొల్స్ కేసులో సుప్రీంకోర్టు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా పిల్లలకు అర్థం కాని భాషలో పాఠం చెప్పి వదిలేస్తే సమానంగా చదువు చెప్పినట్టు కాదని తేల్చింది. అందుకే ఇలాంటి పిల్లలున్న బడి ఏదో ఒక ఏర్పాటు చెయ్యక తప్పదు.

న్యూజెర్సీలో ఈఎస్ఎల్ లైసెన్సుకు ఇంగ్లీషులో మౌఖిక పరీక్ష, రాత పరీక్ష ఉంటాయి. ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవాళ్ళు కూడా మౌఖికంలో తడబడతారు. ఇంగ్లీషు రాక కాదు, అడిగినదానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకుంటారు కాబట్టి. జరిగిన సంగతిని మొదట్నుంచి చివరిదాకా చెప్పాలి, ఒక అభిప్రాయం చెప్పి దాన్ని సమర్థించుకోవాలి, ఇలా అయితే ఏం జరిగేదో ఊహించి మాట్లాడాలి. ఫోన్లో ఎవరితోనైనా సాధన చెయ్యి. తప్పితే మళ్ళీ ఫీజు.

ఒంటరితనం గురించి కూడా రాశావు. ఉంటుంది. బడిలో చేరాక తగ్గుతుంది, నాకు తగ్గింది. ఈఏడీ వచ్చేదాకా ఊళ్ళో లైబ్రరీలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే స్వచ్ఛంద కార్యక్రమం ఉందేమో కనుక్కో.

ఈ వారం రెండు పనులు చెయ్యి. ట్రాన్‌స్క్రిప్టుల కోసం మీ యూనివర్సిటీకి దరఖాస్తు పంపు, అది ఎలాగూ ఆలస్యమవుతుంది. ఇంటి దగ్గరున్న ప్రభుత్వ యూనివర్సిటీ రిజిస్ట్రారుకు ఫోన్ చేసి, హెచ్-4 వాళ్ళకు రాష్ట్రవాసుల ఫీజు వర్తిస్తుందా, అందుకు ఎన్నాళ్ళు ఇక్కడ ఉండాలి, ఏ కాగితాలు చూపాలి అని అడుగు. వేసవిలో ఆఫీసుల్లో మనుషులు తక్కువగా ఉంటారు, ఆలోపే చెయ్యి. వాళ్ళు ఏమన్నారో, క్రెడిట్‌కు ఎంత చెప్పారో నాకు రాస్తే, ఉద్యోగంలో చేరేదాకా ఎంత అవుతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.