కంది తలలు తుంచితే చేను ఆగిపోతదా?

ప్రశ్న: 45 రోజుల కంది. పక్క రైతు చెప్పంగ తలలు తుంచిన. నాలుగు రోజులాయె, చేను ఎదగక నిలబడ్డది. అమ్మ ఒకటే తిడుతున్నది. తప్పు చేసిన్నా?
– ఒక రైతు, నారాయణపేట జిల్లా

జవాబు: లేదు తమ్మీ, భయపడకు. కొన మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను లేవనియ్యదు. కొన పోయిందా, అవి మేల్కొంటయి. ఒక మొక్క దగ్గర వంగి చూడు: ఆకు కాడ కాండాన్ని కలిసేకాడ పెసరగింజంత పచ్చటి మొలక. అదే రేపటి కొమ్మ, పూత దాని మీదనే. దేవరకద్ర దగ్గర మా చెల్కల ఒక ఏడు పదును లేనప్పుడు తుంచిన; కొమ్మలు సరిగ్గ రాలే, ఆ బాధ ఇంకా ఉన్నది. నేల తడి చూసుకో. పూమొగ్గ కనబడ్డంక మాత్రం చెయ్యి పెట్టకు. అమ్మను తోలుకపోయి ఆ మొలక చూపియ్యి.