ఆ ఒక్క వాక్యం గురించి

చిరంజీవికి,

అమెరికన్ కార్టూనిస్టు జాక్ డేవిస్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది. ఒక్కచోటే మనసొప్పలేదు. హాస్య పత్రిక 'మ్యాడ్'లో ఆయన బొమ్మలకు మూడు పేజీలిచ్చి, మిగతా జీవితాన్ని "తర్వాత ప్రకటనల రంగంలోకి వెళ్లిపోయారు" అని ఒక్క వాక్యంలో చుట్టేశావు. అందులో కాస్త చులకన కూడా వినిపించింది. నా తొలి వ్యాసాల్లో నేనూ ఇలాంటివే రాశాను, అందుకే చటుక్కున దొరికిపోయావు.

పైగా ఆ మాట నిజం కూడా కాదు. 1960ల మధ్యలో ఆయన 'మ్యాడ్'కి తిరిగొచ్చాడు. ప్రకటనలూ, సినిమా పోస్టర్లూ, 'టైమ్', 'టీవీ గైడ్' ముఖచిత్రాలూ వేస్తూనే అక్కడా వేశాడు.

అసలు బయటి పని ఎందుకు వెతుక్కున్నాడో చూడు. 1954లో అమెరికా కామిక్స్‌కి కోడ్ పెట్టారు, అంటే ఏం వెయ్యొచ్చో ఏం వెయ్యకూడదో చెప్పే కట్టుబాట్లు. ఆయన బొమ్మలేసే ఈసీ సంస్థ హారర్ పుస్తకాలు ఆగిపోయాయి. ఎడిటర్ హార్వీ కర్ట్జ్‌మన్ వెంట 'మ్యాడ్' వదిలి వెళ్తే, 1957లో వచ్చిన 'ట్రంప్' అనే పత్రిక రెండు సంచికలకే మూతపడింది. ఆ తర్వాతి 'హంబగ్' పదకొండింటికి. పత్రికనే నమ్ముకుంటే ఇల్లు గడిచేదెలా? ఈ లెక్క రాయకపోతే ఆయన డబ్బుకి ఆశపడ్డట్టే ఉంటుంది.

ఇంకో సంగతి. రాకపోకలు రెండువైపులా ఉండేవి. 'మ్యాడ్' ముఖచిత్రంగా మనందరికీ తెలిసిన పన్ను ఊడిన కుర్రాణ్ణి 1956లో గీసిన నార్మన్ మింగో అప్పటికి అరవయ్యేళ్లవాడు, ప్రకటనల బొమ్మల్లో చెయ్యి తిరిగినవాడు. ప్రకటనల్ని వెక్కిరించే పత్రిక ప్రకటనల మనిషినే పిలుచుకుందన్నమాట. దీన్ని మరీ సాగదియ్యకు, ఒక్కసారి చెప్పి వదిలెయ్.

నువ్వు నిలబడాల్సింది బొమ్మ దగ్గర. పెద్ద తలలు, పుల్లల్లాంటి కాళ్లు, వాటికి పడవల్లాంటి బూట్లు: పత్రికలోనూ అవే, పోస్టర్‌లోనూ అవే. తేడా చూసే కళ్లలో ఉంది. పత్రిక కొన్నవాడు తీరిగ్గా మూలమూలా వెతుకుతాడు, అందుకని అక్కడ చిల్లర జోకులు దాచొచ్చు. పోస్టర్ ముందు నడిచిపోయేవాడు ఇచ్చేది ఒక్క చూపే. ప్రకటనలోనైతే నవ్వొచ్చాక కూడా సరుకు గుర్తుండాలి. 1963 నాటి 'ఇట్స్ ఎ మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్, మ్యాడ్ వరల్డ్' సినిమాకి డేవిస్ వేసిన పోస్టర్‌నీ, ఒక పత్రిక పేజీనీ పక్కపక్కన పెట్టుకో. ఏం వదిలాడో, ఏం ఉంచుకున్నాడో నీ మాటల్లో రాయి.

ఫోన్ తెర మీద మాత్రం చూడొద్దు. అచ్చులో దొరికితే సరే సరి, లేదంటే పెద్ద మానిటర్ మీద. ముందు బూట్లు చూడు.