టేకాఫ్‌లో భయపెట్టేది మోత కాదు, మోత తగ్గడం

"చెన్నై నుంచి మొదటిసారి విమానం ఎక్కుతున్నాను. టేకాఫ్‌లో వింత శబ్దాలూ కుదుపులూ ఉంటాయని స్నేహితులు బెదరగొడుతున్నారు. అవి మామూలేనా? ఏ సీటు తీసుకోమంటారు?" అని మీరు అడిగారు.

మామూలే. సీటు సంగతి చివర చెబుతాను. అంతకన్నా ముందు తెలియవలసిన ముక్క ఒకటుంది. టేకాఫ్‌లో మనిషి గుండె జారేది మోత పెరిగినప్పుడు కాదు, ఉన్నట్టుండి తగ్గినప్పుడు. ఈ మాట విమానంలో ఎవరూ చెప్పరు. సీటుబెల్టు ఎలా తగిలించుకోవాలో ప్రతిసారీ చూపిస్తారు. "ఇంకాసేపట్లో ఇంజను గొంతు తగ్గుతుంది, కంగారుపడకండి" అని ఒక్క వాక్యం కలపడానికి మాత్రం వాళ్ళకు నోరు రాదు. కలిపితే సగం మంది ప్రయాణికుల చేతికి చెమట పట్టదని నా గట్టి నమ్మకం.

నా అర్హత ఏమిటంటారా? పైలట్‌ను కాను, ఇంజినీరునూ కాను. చెన్నై ఆదంబాక్కంలో ఉంటాను, అంతే. మీనంబాక్కం విమానాశ్రయం పెద్ద రన్‌వే తూర్పు కొస దాటి అలాగే ముందుకు వస్తే తగిలేది మా పేటే. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో విమానాలు మా నెత్తిమీదుగా సముద్రం వైపు లేస్తాయి. నైరుతి కాలంలో పడమటివైపు, పమ్మల్, అనకాపుత్తూరు మీదుగా లేస్తాయి, అప్పుడు దిగేవి మా మీదుగా దిగుతాయి. విమానం మామూలుగా గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. అందుకే మా ఇంట్లో పంచాంగం చూడకపోయినా గాలి ఎప్పుడు మళ్ళిందో తెలిసిపోతుంది. దిగే విమానం ఈల వేసుకుంటూ వస్తుంది, లేచేది గర్జిస్తుంది.

ఆ గర్జన కూడా పాతరోజుల్లోలాగా లేదు లెండి. బోయింగ్ 737-200లు తిరిగిన కాలంలో ఒకటి లేచిందంటే అల్మారాలో స్టీలు గ్లాసులు గలగలలాడేవి, టీవీలో వార్తలు చదివేవారి నోరు మాత్రమే కదిలేది. ఆ ఇంజన్లలో లోపలికి పీల్చిన గాలిలో దాదాపు సగం మంట గుండా పోయి సన్నటి జెట్‌గా బయటికి తన్నుకొచ్చేది. ఇప్పటి ఎయిర్‌బస్ 320 నియోలో మంట గుండా పోయే గాలి ఒక వంతయితే, ముందున్న పెద్ద ఫ్యాను చుట్టూ తోసేసే గాలి పదకొండు పన్నెండు వంతులు. ఎక్కువ గాలిని మెల్లగా తోస్తే మోత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లో లెక్కకట్టి చూపించాడు. జెట్ మోత దాని వేగానికి ఎనిమిదో ఘాతంగా పెరుగుతుంది. ఆ లెక్కన వేగం సగమైతే ధ్వనిశక్తి 256వ వంతుకు పడిపోవాలి. మా గ్లాసులు నోరు మూసుకున్నది అందుకే.

ఇక అసలు కథ. మా మామగారిది సూళ్లూరుపేట. జీవితమంతా రైస్ మిల్లు నడిపిన మనిషి. యంత్రాన్ని కంటితో కాక చెవితో చూస్తారు. వీధిలో ఆటో వెళితే సైలెన్సర్ ఎక్కడ పగిలిందో చెప్పగలరు. విశాఖలో మనవరాలి బారసాలకు ఆయన్ను చెన్నై నుంచి విమానంలో తీసుకువెళ్ళాను. భయపడతారేమోనని మా ఆవిడ నాకు పదిసార్లు జాగ్రత్తలు చెప్పింది. ఆయనేమో, "మోతకు నేను బెదిరేది ఏమిటమ్మా, శ్రీహరికోట షార్‌లో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ లేస్తే మన కిటికీ అద్దాలు అదరవూ?" అని కొట్టిపారేశారు.

కూర్చోగానే మొదటి గొడవ పొగతో. పైనుంచి తెల్లగా, చల్లగా దిగుతోంది. చెన్నైలో ఇది చాలా మామూలు. మన గాలిలో ఉన్న తేమకు ఏసీ చల్లదనం తగిలి అలా పొగమంచు కడుతుంది. ఆయన చెయ్యి చాపి, వేళ్ళు రుద్దుకుని, వాసన చూసి, "తడి" అని తేల్చేశారు. పక్క వరసలో ఒకాయన అప్పటికే ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచే గంట నొక్కేశాడు.

తలుపు మూశారు, వెనక్కి తోశారు. ఉన్నట్టుండి ఏసీ గాలి ఆగిపోయింది, క్యాబిన్ అంతా నిశ్శబ్దం. ఇది మొదటి నిశ్శబ్దం. ఇలాంటి జెట్ ఇంజను తిరగడం మొదలుపెట్టాలంటే దానికి ఒత్తిడి గల గాలి కావాలి. తోకలో ఉండే చిన్న ఇంజను ఆ గాలిని ఇస్తుంది. ఏసీకి పోయే గాలిని కాసేపు ఆపి ఇటు మళ్ళిస్తారు. మామగారు తల పక్కకు వంచి విన్నారు. కింది నుంచి సన్నగా ఒక కూత మొదలై, లావెక్కి, బరువెక్కి, చివరికి సీటు కాళ్ళలోకి దిగింది. "ఒకటి అందుకుంది" అన్నారు. సరిగ్గా అప్పుడే కాళ్ళ కింది నుంచి భౌ భౌ భౌ అని.

మీరూ వింటారు, ముందే చెబుతున్నాను. ఎయిర్‌బస్ 320లో నేల కింద కుక్క మొరిగినట్టు, కాకపోతే ఎవరో రంపంతో కోస్తున్నట్టు, ఆగి ఆగి వస్తుంది. ఆ విమానంలో ఆకుపచ్చ, పసుపు, నీలం అని మూడు హైడ్రాలిక్ వ్యవస్థలు, అంటే ద్రవం ఒత్తిడితో భాగాలను కదిలించేవి, ఉంటాయి. మామూలు ఒత్తిడి 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య ఒత్తిడి తేడా 500 దాటితే ఒకదాని బలంతో మరొకదాన్ని నడిపే పంపు ఒకటి తనంతట తానే పనిచేస్తుంది. రెండో ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు అది తనను తాను పరీక్షించుకుంటుంది కూడా. నేనింత వివరం చెప్పబోతుండగా మామగారు, "అల్లుడుగారూ, కింద పంపు గాలి మింగుతోంది, పైలట్‌కు చెప్పి రండి" అన్నారు. పంపు అని చెవితో పట్టేశారు. మా వెనక సీటులో పిల్లవాడు మాత్రం వాళ్ళమ్మను కుక్కను చూపించమని ఏడుపు.

ఇక్కడో మాట. ఆ కుక్క ఏమిటో చెప్పడానికి ఒక్కరు లేరు గానీ, మా పక్క సీటు కుర్రాడు ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోనులో వీడియోలు పెట్టి, ఒకే పాట ముక్క పదేపదే వినిపిస్తున్నాడు. కిటికీ తెర కూడా సగం దించేశాడు, ఎండ ఫోను మీద పడుతోందట. టేకాఫ్‌లో తెర ఎత్తి ఉంచమనేది ఊరికే కాదు. బయట మంటో పొగో కనిపిస్తే లోపలివాళ్ళకు తెలియాలి, ఏ తలుపు తెరవాలో తేల్చుకోవాలి. రాత్రిపూట లోపల దీపాలు తగ్గించేదీ అందుకే, చీకటికి కళ్ళు అలవాటు పడి ఉండాలని. కరెంటు మిగుల్చుకోవడానికి అనుకునేవాళ్ళను బోలెడుమందిని చూశాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చి తెర ఎత్తించింది, మామగారి ముఖం వెలిగింది.

రెక్క వెనక అంచు నుంచి పలకలు గుర్రుమంటూ కిందికి జారాయి. కుంటుతున్నట్టు రన్‌వే కొసకు చేరాం. 07 అని అంకె. అంటే దిక్సూచి మీద దాదాపు 70 డిగ్రీలు, తూర్పుకు కాస్త ఉత్తరం. అదే రన్‌వే అవతలి కొసన 25 అని ఉంటుంది. విమానం తిరిగి నిలబడింది. ఇంజన్లు ముందు సగం గొంతుతో ఒక్క క్షణం నిలకడ పడ్డాయి. రెండూ సమంగా ఉన్నాయని చూసుకున్నాకనే పైకి ఎత్తుతారు. తర్వాత ఎత్తారు. వీపు సీటుకు అతుక్కుంది, పై అరలు గడగడలాడాయి.

అప్పుడు ముందు చక్రం కింద థక్... థక్... థక్... అని మొదలైంది. రన్‌వే నడిమి గీత వెంట పాతిన దీపాల మీద చక్రం ఎక్కి దిగుతుంటే వచ్చే చప్పుడు అది. వేగంతో పాటు దగ్గరవుతుంది, థక్ థక్ థక్ థక్, చివరికి ఒకటే గీతలా సాగుతుంది. కొందరు పైలట్లు అర అడుగు పక్కకు నడిపి దాన్ని తప్పిస్తారు. మా పైలట్ తప్పించలేదు. సంతోషించాను, వేగాన్ని చెవితో కొలవడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. గంటకు 270 కిలోమీటర్ల ప్రాంతంలో ముక్కు లేచింది, థక్‌థక్ తెగిపోయింది. ఒక క్షణం తర్వాత వెనక చక్రాలూ నేల వదిలాయి. అప్పటిదాకా కాస్త కిందికి వాలి ఉన్న రెక్క కొస పైకి వంగింది. మామగారు చూసింది అదే. చక్రాలు మోస్తున్న అరవై డెబ్బై టన్నులను రెక్కలు తీసుకున్నాయి కదా, వంగకపోతే భయపడాలి.

వెంటనే కింద దబ్ దబ్ మని తలుపులు, హోరుమని గాలి, చక్రాలు లోపలికి. ముందు సీట్లవాళ్ళకు బుర్రుమని ఒక వణుకు కూడా తెలుస్తుంది. ఇంకా తిరుగుతున్న ముందు చక్రాన్ని లోపల ఒక పట్టీకి రాపాడించి ఆపుతారు. ఇంతవరకూ మామగారు రాజులా కూర్చున్నారు. ఎడమవైపు పరంగిమలై కొండ, మీద చర్చి, రైలు పట్టాలు, అన్నీ పిల్లల బొమ్మలైపోతుంటే చూస్తున్నారు.

అర నిమిషం దాటిందేమో. మోత పడిపోయింది. ముక్కు కాస్త దిగింది, కడుపులో ఖాళీ. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ధాన్యం బస్తాలెత్తిన చెయ్యి అది, గడియారం గొలుసు చర్మంలోకి దిగింది. "అల్లుడుగారూ, ఇంజను ఆపేశాడండీ" అన్నారు, పెదవులు మాత్రమే కదిలేలా.

ఆపలేదు. నేల నుంచి వెయ్యి, పదిహేను వందల అడుగుల ఎత్తులో ఇంజను బలం కావాలనే తగ్గిస్తారు. టేకాఫ్ బలాన్ని మామూలుగా అయిదు నిమిషాలకు మించి వాడకూడదన్నది ఇంజనుకు పెట్టిన హద్దు, ఎక్కడానికి అంత అవసరమూ లేదు. అదే వేళకు ముక్కు వంచి వేగం పెంచుకుంటారు, రెక్క పలకలు లోపలికి లాక్కుంటారు. విమానం అప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది, తగ్గేది మనల్ని వెనక్కి నొక్కే ఊపు. చెవి లోపల ఊపును పసిగట్టే భాగానికి ఊపు తగ్గడం, కింద పడటం ఒకటేలా తెలుస్తాయి. మా డాబా మీద నిలబడితే రోజూ ఈ మార్పే వినిపిస్తుంది, గర్జన కాస్తా ఒక మెట్టు దిగి గొణుగుడవుతుంది.

ఇవన్నీ ఆయనకు నచ్చజెప్పింది నేను కాదు, మిల్లు. టేకాఫ్‌లో కూడా చాలాసార్లు పూర్తి బలం వాడరనీ, రన్‌వే పొడవు, బరువు చూసుకుని, అసలు ఉన్నదానికన్నా ఎండ ఎక్కువగా ఉందని కంప్యూటర్‌కు చెప్పి బలం తగ్గిస్తారనీ, అలా చేస్తే ఇంజను ఎక్కువ కాలం మన్నుతుందనీ చెప్పాను. చెయ్యి వదిలారు. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా. వరి కోతలప్పుడు ఇంజను నిలబడాలని నేను మాత్రం ఫుల్లుగా తోలానా?" అన్నారు. కింద సముద్రపు ఒడ్డు తెల్లటి నురగతో దాటిపోయింది, విమానం ఎడమ రెక్క వంచి ఉత్తరానికి తిరిగింది. బారసాలలో వచ్చినవాళ్ళందరికీ ఆయన చెప్పింది మనవరాలి పేరు కాదు, ఎయిర్‌బస్ పంపులో గాలి చేరిందని.

శబ్దాలు ఇంకా ఉన్నాయి. ముందు వరసల్లో, ఇంజన్లకు ఎదురుగా కూర్చుంటే, పూర్తి బలం దగ్గర రంపపు మిల్లు లాంటి కోత వినిపిస్తుంది. ఫ్యాను రెక్కల కొసలు ధ్వని వేగాన్ని దాటినప్పుడు పుట్టే మోత అది. ఊరికే వినడానికి, చూడటానికి అయితే పరంగిమలై ఎక్కండి, రన్‌వే కనబడుతుంది, ఖర్చు లేదు. విమానం నేల వదలడం ముందు కళ్ళకు కనబడి, కొన్ని సెకన్ల తర్వాత చెవికి చేరుతుంది. 

సీటు. కుదుపులంటే భయమైతే రెక్క దగ్గర తీసుకోండి, విమానం బరువుకు మధ్యభాగం అదే కాబట్టి ఊగడం తక్కువ. పలకలు జారడం, రెక్క వంగడం చూడాలంటే రెక్కకు రెండు మూడు వరసలు వెనక. తోక దగ్గర మోత ఎక్కువ. తూర్పుకు లేస్తే ఎడమ కిటికీలో పరంగిమలై, కుడి కిటికీలో పళ్లికరణై చిత్తడి నేల. గాలి పడమటిదైతే కుడివైపు చెంబరంబాక్కం చెరువు. గాలి సంగతి మీ చేతిలో లేదు, టికెట్టు వాళ్ళ చేతిలోనూ లేదు.

కిటికీ సీటుకు అదనంగా డబ్బు కట్టేముందు విమానం ఏ రకమో చూసుకోండి. బోయింగ్ 737 అయితే రెక్కకు కాస్త ముందు, ఎడమవైపు, ఒకటి రెండు వరసల్లో కిటికీయే ఉండదు. ఏసీ గాలిగొట్టం ఆ గోడలోంచి పైకి పోతుంది. చాలాసార్లు సీటు పటంలో దాన్ని కూడా కిటికీ సీటనే చూపిస్తారు, డబ్బూ అంతే తీసుకుంటారు.