వరద చూసిన పిల్లలతో ఏ ప్రాజెక్టు చేయించాలి?

ప్రశ్న: మా స్కూలు విజయవాడ సింగ్ నగర్ దగ్గర. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా పిల్లల ఇళ్లు చాలావరకు మునిగాయి. ఇప్పటికీ గట్టి వాన పడితే కొందరు పాఠం వినలేరు. ఎనిమిదో తరగతి పిల్లలతో ‘నేను మరచిపోలేని బాధ’ అని బొమ్మలు వేయించి, క్లాసు ముందు చెప్పించాలనుకుంటున్నాను. మంచిదేనా డాక్టర్ గారూ?
– ఒక టీచర్

సలహా: పిల్లల భయాన్ని మీరు గమనించడం చాలా మంచిది టీచర్ గారూ. బొమ్మలు, కథలు, నాటికలు తప్పకుండా చేయించండి. ఆ టాపిక్ మాత్రం వద్దు.

చెప్పేస్తే మనసు తేలికవుతుందని అనుకుంటాం. కానీ ఆపద తర్వాత జరిగిందంతా పట్టుబట్టి చెప్పించడం మేలు చేయదు, కొందరికి హాని కూడా చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దనే అంటుంది. పైగా ఆ బాధ వరదే కావాలని లేదు. తాగొచ్చి కొట్టే నాన్న కావచ్చు, ఒంటి మీద చెయ్యి వేసిన బంధువు కావచ్చు. అది అందరి ముందు బయటపడితే ఆ పిల్ల మర్నాడు బడికి ఎలా వస్తుంది?

‘ఆ రోజుల్లో మాకు ఎవరు తోడున్నారు?’ అని అడగండి. మేడ మీద చోటిచ్చిన పక్కింటివాళ్లు, పాలప్యాకెట్లు అందించిన అన్నయ్యలు గుర్తొస్తారు. తర్వాత గ్రూపులుగా తమ వీధి మ్యాపు గీయించండి: ఎత్తయిన మేడ ఏది, నడవలేని అవ్వలు ఏ ఇంట్లో ఉన్నారు, వాన ముదిరితే ముందు ఎవరికి చెప్పాలి. అప్పుడు ఏమీ చేయలేకపోయామన్న పిల్లలకు ఇప్పుడు చేయగలిగింది కనబడుతుంది. తట్టుకునే శక్తి అలాగే పెరుగుతుంది. నమ్మకంగా వెంట ఉండే పెద్దవాళ్లు ఒక్కరున్నా పిల్లలకు అది కొండంత బలం. ఆ ఒక్కరు మీరే కావచ్చు.

వేయనన్నవాళ్లను వదిలేయండి. మార్కులు వద్దు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు అసలే వద్దు. నల్లరంగు ఎక్కువ పూశాడని అర్థాలు తీయకుండా, ‘దీని గురించి చెప్తావా?’ అని అడిగి ఊరుకోండి. చివరి పీరియడ్‌లో పెట్టొద్దు. కలత పడిన పిల్లలు అలాగే ఇంటికి వెళ్లిపోతారు.

ఎవరైనా విడిగా వచ్చి చెప్పుకుంటే, ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు అయితే, పిల్లలను అలాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం అందుతుంది.

పీడకలలు, పక్క తడపడం, బడి టైముకే కడుపునొప్పి, వాన రోజుల్లో మానేయడం ఇంకా ఉంటే ఆగొద్దు. తల్లిదండ్రులతో మాట్లాడి ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి పంపండి. చచ్చిపోవాలనుందని అన్న పిల్లలను ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.